పసిపిల్ల జ్యూసు లాక్కున్నది నేనే

పరాయి దేశంలో, నలుగురూ చూస్తుండగా, పసిపిల్ల నోటి దగ్గర జ్యూసు డబ్బా లాక్కుని తాగిన మనిషిని నేనే. మేము ఇల్లు చేరకముందే ఈ సంగతి మా చుట్టాలందరికీ చేరిపోయింది. మా వియ్యపురాలైతే ప్రయాణం ఎలా జరిగిందని పలకరించే వంకతో ఫోను చేసి, వయసొచ్చాక నాలుక అదుపులో ఉండదు పాపం అని జాలి కూడా పడింది. ఆవిడ జాలి ఆవిడ దగ్గరే ఉంచుకోమనండి. జరిగింది జరిగినట్టు నేనే చెబుతాను.

నేను బస్సు కండక్టర్ని. రిటైరై ఏడాదిన్నర అయింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో పద్దెనిమిదేళ్ళు షుగర్‌తోనే చేశాను. మొదట మాత్రలు, తర్వాత ఇన్సులిన్. తెల్లవారకముందే డిపోకు చేరి ఆడవాళ్ళ గదిలో గోడవైపు తిరిగి సూది వేసుకునేదాన్ని. రెండో ట్రిప్పు అయ్యాక డ్రైవరు మొహం కడుక్కొచ్చేలోపు వేలు గుచ్చి మీటరు చూసుకునేదాన్ని. అరవై మంది జనం మధ్య ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో టికెట్లు ఇస్తూ, నా షుగర్ ఎక్కుతోందో దిగుతోందో పిక్కల్లో తిమ్మిరిని బట్టి చెప్పగలిగేదాన్ని. నా వల్ల ఒక్కనాడు బస్సు ఆగలేదు, ఒక్క ట్రిప్పు రద్దు కాలేదు.

నాకున్నది ఒకటే నియమం. కంచం కళ్ళ ముందుకు వచ్చాకే సూది. క్యాంటీనువాడు వచ్చేస్తోంది, వచ్చేస్తోంది అంటే నమ్మను. ఎందుకంటే మందుకు కళ్ళు లేవు. ఒంట్లోకి వెళ్ళగానే పని మొదలుపెడుతుంది. తిండి పడితే తిండిలోని షుగర్‌ని చూసుకుంటుంది, పడకపోతే ఒంట్లో ఉన్నదంతా ఊడ్చి అవతల పారేస్తుంది. అప్పుడు చేతులు వణుకుతాయి, చన్నీళ్ళు పోసినట్టు చెమటలు పడతాయి, మాట ముద్దయిపోతుంది. ఆ తర్వాత మనిషి కూలిపోతుంది. ఆ సమయానికి నోట్లో ఏదన్నా తియ్యటిది పడకపోతే మళ్ళీ లేవకపోవచ్చు కూడా. అందుకే నా దగ్గర ఎప్పుడూ నాలుగు గ్లూకోజు బిళ్ళలు, గుప్పెడు టాఫీలు ఉండేవి.

ఈ పడిపోవడం గురించి మా అమ్మాయికి నేనెప్పుడూ చెప్పలేదు. డిపోలో అసలే చెప్పలేదు. కండక్టరుకు కళ్ళు తిరుగుతాయని తెలిస్తే మర్నాడే బస్సు దింపేసి, ఏ మూల గదిలోనో కూర్చోబెట్టి పాత కాగితాలు సర్దమంటారు. ఇంట్లో చెబితే ఆ మాట డిపోకు చేరడానికి ఎంతసేపు? అందుకని దాచుకున్నాను. అది నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ నేను ఒప్పుకునేది అంతవరకే.

మా అమ్మాయి హైస్కూల్లో లెక్కల టీచరు. పరీక్షల కాలంలో దాన్ని స్క్వాడ్‌లో వేస్తారు. ఏ పిల్లవాడు చొక్కా మడతలో చీటీ పెట్టుకున్నాడో, ఏ పిల్ల జడ రిబ్బనులో సూత్రాలు దాచుకుందో గుమ్మంలోంచే పసిగడుతుందట. పిల్లలు దానికి డేగ అని పేరు పెట్టారు. ఆ పేరు విని మొదట్లో గర్వపడ్డాను. తల్లి నోరు, తల్లి చూపు వచ్చాయిలే అనుకున్నాను. ఆ డేగ ఏదో ఒకనాడు నా మీదే వాలుతుందని అప్పుడు తోచలేదు.

సెలవుల్లో విదేశం తీసుకెళ్తామని అమ్మాయీ అల్లుడూ అన్నప్పుడు ఎగిరి గంతేశాను. జీవితమంతా ఒకే రూటులో అటూ ఇటూ తిరిగినదాన్ని కదా. డాక్టరు దగ్గరికి నేనే వెళ్ళి, సూదులూ మందూ నావేనని ఉత్తరం రాయించుకున్నాను. అక్కడి గడియారం మనకన్నా నాలుగు గంటలు వెనక నడుస్తుంది కాబట్టి మొదటి రోజు ఏ పూట ఎంత మందు వేసుకోవాలో అడిగి తెలుసుకున్నాను. ఇన్సులిన్ పెద్ద పెట్టెలో వెయ్యకుండా, చల్లగా ఉంచే సంచీలో పెట్టి చేతి బ్యాగులోనే పట్టుకున్నాను. విమానం సామాన్ల అరలో అది గడ్డకడితే ఇక పనికిరాదు మరి. నేను ఇవన్నీ చేశాక మా అమ్మాయి ఏం చేసిందో చెప్పనా? ఒక చార్టు వేసింది.

చార్టంటే మామూలు చార్టు కాదు. పరీక్షల టైంటేబుల్లాగా గళ్ళు గీసి, రంగులు వేసి, అందరి ఫోన్లలోనూ పెట్టింది. అమ్మ లేవాల్సింది ఆరింటికి. సూది ఏడింటికి. టిఫిను ఏడున్నరకి. నడక ఇంతసేపు. పడక ఇన్నింటికి. విమానాశ్రయంలో సూదుల సంగతి ఆఫీసరు నన్ను అడిగితే నేను నోరు తెరిచేలోపు అదే సమాధానం చెప్పింది. విమానంలో భోజనం ట్రే రాగానే అందులోంచి కేకు ముక్క తీసి వాళ్ళాయన ట్రేలో పెట్టింది. హోటల్లో మీటరు తన బ్యాగులో పెట్టుకుంది, నేను మర్చిపోతానట. నా ఒళ్ళు నాదని నాకు ఒక్కదానికే గుర్తున్నట్టు తిరిగాను ఆ మొదటి రెండు రోజులూ.

రెండో రోజు సాయంత్రం పాస్‌పోర్టు నకళ్ళ కోసం నా బ్యాగు వెతుకుతూ, లోపలి గుడ్డ పొరలో గ్లూకోజు బిళ్ళల గొట్టం పట్టుకుంది. దాంతో దానికి వాసన తగిలింది. కళ్ళజోడు డబ్బాలో రెండు టాఫీలు, స్వెట్టరు జేబులో మూడు, మేజోళ్ళ ఉండలో నాలుగు, అన్నీ బయటికి లాగింది. మంచం మీద వరుసగా పేర్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది. చీటీలు దొరికినప్పుడు పిల్లల ముందు ఇలాగే నవ్వుతుంది కాబోలు. దొరికిపోయావమ్మా అంది.

అవి తీపి తినడానికి కాదే, షుగర్ పడిపోతే వేసుకోవడానికి అన్నాను. అప్పుడది అన్న మాట నాకు బాగా గుర్తుంది.

"మందైతే దాచుకోవడం దేనికమ్మా? దాచుకున్నావంటేనే తప్పు చేస్తున్నావని అర్థం."

దాని ఉద్యోగం దానికి నేర్పింది అంతే. పదేళ్ళుగా అది చూసిన ప్రతి దాపరికం వెనకా ఒక తప్పు ఉంది. నా ఉద్యోగం నాకు దాచుకోవడం నేర్పింది. ఈ రెండు ఉద్యోగాలూ ఆ హోటలు గదిలో ఎదురెదురుగా నిలబడ్డాయి. నేను ఇంకా వివరంగా చెప్పి ఉండాల్సింది. కానీ అల్లుడు అక్కడే కుర్చీలో కూర్చుని, ఎటు చూడాలో తెలియక ఫోను చూసుకుంటున్నాడు. అల్లుడి ముందు టాఫీల కోసం దేబిరించే అత్తగారిలా నిలబడడానికి నాకు మనసొప్పలేదు. నోరు మూసుకున్నాను. అది అన్నిటినీ ఒక కవర్లో వేసి మూట కట్టి తన పెట్టెలో పెట్టుకుంది.

మళ్ళీ కొనుక్కుందామంటే నన్ను ఒంటరిగా వదిలితేగా. లిఫ్టులోకి కూడా తోడొచ్చేది.

ఇక మా ఆయన గురించి. ప్రెస్సులో పుస్తకాల బైండింగు చేసి రిటైరయ్యారు. నోట్లో నాలుక లేని మనిషి. కాపురం మొదలైన నాటి నుంచీ ఇంట్లో నా నోరు ఒక్కటే పనిచేసింది. అమ్మాయి ఉద్యోగంలో చేరాక దాని నోరూ జతకలిసింది. ఆయన ఆ రెంటి మధ్యా పేపరు చదువుకునేవారు.

నాలుగో రోజు పొద్దున్న ఏడు కాగానే డేగ నా మంచం దగ్గర నిలబడింది. టైమైందమ్మా అంది. ముందు కిందకి వెళ్ళి టిఫిను తెచ్చుకున్నాక వేసుకుంటానన్నాను. చార్టులో ఏడని ఉంది, ఏడున్నరకి ఎలాగూ తింటావుగా అంది. పొద్దున్నే గొడవెందుకని వేసేసుకున్నాను. ఇన్నేళ్ళూ తప్పని నియమాన్ని ఆ రోజు తప్పాను. ఎవరి మీద కోపమో అప్పుడు తెలియలేదు గానీ, అందులో సగం నా మీదే.

కిందకి దిగేసరికి మా టూరు గైడు చిన్న జెండా ఊపుతూ హడావుడి పడుతున్నాడు. ఎప్పుడూ ఆ జెండా పట్టుకునే ఉంటాడని మేమందరం అతన్ని జెండా అనేవాళ్ళం. రాజుల కాలం నాటి భవనం ఒకటి చూడాలట, క్యూ పెరిగిపోతుందట, అందుకని టిఫిను డబ్బాల్లో కట్టించి బస్సులోనే ఇస్తున్నాడు. డబ్బా నా చేతికి రాలేదు. మా అమ్మాయి చేతికి వచ్చింది. మూత తీసి చూసి, బ్రెడ్డు, జాము, పండ్ల రసం, అరటిపండు అన్నీ తీసేసింది. ఉడకబెట్టిన గుడ్డూ నాలుగు దోసకాయ ముక్కలూ మిగిల్చి నాకిచ్చింది. పూర్తి మందు వేసుకున్నాను, కనీసం బ్రెడ్డన్నా ఉండనివ్వమన్నాను. మైదా అమ్మా అది అంది. ఆ మాట చెప్పేటప్పుడు దాని మొహంలో ఎంత ప్రేమ ఉందో! ప్రేమ లేకపోతే నాకింత మంట ఉండేది కాదు. పగవాళ్ళయితే లాక్కుని తిని ఉండేదాన్ని.

భవనం ముందు క్యూ వంకర్లు తిరిగి రోడ్డు దాకా వచ్చింది. ఇనుప కడ్డీల మధ్య ఎండలో నిలబడ్డాం. తిండి, సీసాలు లోపలికి రానివ్వరని జెండా అందరి చేతా బస్సులోనే పెట్టించేశాడు. అంగుళం అంగుళం జరుగుతున్నాం. దాదాపు గంటన్నర గడిచింది. మొదట పిక్కల్లో తిమ్మిరి మొదలైంది. తర్వాత పై పెదవి మీద చెమట. ఎండ వల్లేమో అనుకుని ఒక్క నిమిషం చూశాను. ముందున్న కడ్డీని పట్టుకుంటే చెయ్యి వణికింది. ఇక నాకు అనుమానం లేదు.

"ఏమే, నా షుగర్ పడిపోతోంది. ఏదన్నా తియ్యటిది ఇవ్వు" అన్నాను.

మా అమ్మాయి వెనక్కి తిరిగి నవ్వింది.

"పడితే మంచిదేగా అమ్మా. చార్టు పనిచేస్తోందన్నమాట."

మళ్ళీ చెప్పాను. తగ్గడం వేరు, పడిపోవడం వేరు, నాకు తేడా తెలుసు, నా మాట విను అన్నాను. కానీ మాట అప్పటికే కాస్త ముద్దగా వస్తోంది. చిన్నపిల్లలా మారాం చెయ్యకమ్మా, మనవాళ్ళంతా చూస్తున్నారు అని గొంతు తగ్గించి చెప్పింది. అల్లుడు మర్యాదస్తుడు. అత్తయ్యగారూ, ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టండి, లోపల కూర్చోడానికి బల్లలుంటాయి అన్నాడు. కూర్చోవడం కాదు బాబూ నాక్కావాల్సింది అని చెప్పాలనుకున్నాను. నాలుక తిరగలేదు.

అప్పుడు మా ఆయన వైపు తిరిగాను. ఎందుకంటే ఆయనకు తెలుసు. లోకంలో ఇంకెవరికీ తెలియకపోయినా ఆయనకు తెలుసు. ఇంట్లో మూడుసార్లు నేనిలా పడిపోతే ఆ మనిషే చక్కెర నీళ్ళు కలిపి, తల ఎత్తిపట్టి తాగించారు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది కూడా ఆయన చేతనే. ఆయన చొక్కా పట్టుకుని, చెప్పండి దానికి అన్నాను. మూడోసారి చెప్పడం అది. ఆయన నన్ను చూశారు. అమ్మాయిని చూశారు. తర్వాత తన చెప్పులు చూసుకుని మెల్లగా అన్నారు.

"అమ్మాయి చెప్పినట్టు విను."

కడ్డీకి అవతలి వరసలో ఒకావిడ చంటిపిల్లను తోపుడు బండిలో పెట్టుకుని నిలబడి ఉంది. ఆ పాప చేతిలో ఒక జ్యూసు డబ్బా ఉంది, గొట్టం నోట్లో ఉంది. చాలామంది అంటుంటారు, ఏమైందో తెలియలేదు, చెయ్యి దానంతటదే వెళ్ళిందని. నేనలా అనను. నా చెయ్యి నా మాటే విన్నది. ఇంకో రెండు నిమిషాలైతే చెయ్యి కూడా వినదని నాకు తెలుసు. కడ్డీ మీద నుంచి వంగి, పాప చేతిలోంచి డబ్బా లాక్కుని, గొట్టం పక్కకు లాగేసి, డబ్బా నలిపి నోట్లో పిండుకున్నాను.

పాప గుక్కపట్టి ఏడ్చింది. వాళ్ళమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. క్యూ మొత్తం నన్ను చూసింది. కాపలావాడు ఒకడు ఇటు నడిచి రావడం మసకగా కనిపించింది. మా టూరువాళ్ళలో ఎవరో ఫోను ఎత్తి పట్టుకున్నారు కూడా. నా గడ్డం మీదుగా జ్యూసు కారుతోంది. మా అమ్మాయి నా భుజం పట్టుకుని వెనక్కి లాగి, ఆ తల్లితో ఇంగ్లీషులో క్షమాపణలు చెప్పడం మొదలుపెట్టింది.

నాకు ఇంగ్లీషు రాదనుకుంటే పొరపాటు. మాట్లాడలేను గానీ, ఇరవై ఆరేళ్ళు రకరకాల జనాన్ని ఎక్కించుకున్న చెవులివి. మా అమ్మకి షుగరండీ, తీపి కనబడితే ఆగలేదు, ఏమీ అనుకోకండి. అదీ నా కూతురు అన్న మాట. కింద పడబోతున్న మనిషిని పట్టుకుని, నలుగురిలో ఆశపోతును చేసింది. చచ్చిపోతున్నానన్న భయం కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది. ఇప్పటికీ తలుచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆ పాప తల్లి మా అమ్మాయి మాటలు వినలేదు. నన్ను చూసింది. తడిసి ముద్దయిన నా జాకెట్టు చూసింది. వణుకుతున్న చెయ్యి చూసింది. కాపలావాడికి ఆగమన్నట్టు చెయ్యి చూపి, కడ్డీ కిందుగా వంగి ఇటు వచ్చి, నన్ను నేల మీద కూర్చోబెట్టింది. బండి కింద సంచీలోంచి ఇంకో జ్యూసు తీసి, గొట్టం గుచ్చి, నా పెదాల దగ్గర పట్టుకుంది. ఏడుస్తున్న పాపను ఒక చేత్తో ఊపుతూనే ఉంది. తర్వాత తన వేలి కొసను రెండో వేలితో నొక్కి చూపిస్తూ మా అమ్మాయిని ఏదో అడిగింది. మీటరుందా అని. నా భాష రాని మనిషి, నా పేరు తెలియని మనిషి, తన బిడ్డ చేతిలోది లాక్కున్న నన్ను ఒక్క చూపులో అర్థం చేసుకుంది. ఆవిడ నర్సో, వాళ్ళింట్లో నాలాంటి వాళ్ళు ఉన్నారో నాకు తెలియదు. అడగడానికి భాష లేదు.

మీటరు నలభై ఎనిమిది చూపించింది. డబ్బాలో సగం తాగాక ఉన్న లెక్క అది. ఆవిడ ఆ అంకె మా అమ్మాయి మొహం ముందు పెట్టి రెండు ముక్కలు గట్టిగా అంది. అల్లుడు ఫోనులో ఏదో వెతికి చదివి, మొహం పాలిపోయి, భార్య చేతికిచ్చాడు. అది చదివింది. చదివినంతసేపూ నిలబడింది గానీ, చదవడం అయ్యాక నా పక్కన నేల మీద కూలబడింది. పావుగంటకు నా షుగర్ ఎనభై దాటింది. నా మాట నాకు తిరిగొచ్చింది. ఆ పాపకు నమస్కారం పెట్టాను. పాప నన్ను చూసి మళ్ళీ ఏడ్చింది, అందులో దాని తప్పేం లేదు.

ఆ మధ్యాహ్నం హోటలు గదిలో మా అమ్మాయి ఇంకో అవతారం ఎత్తింది. బ్రెడ్డు తినమంటుంది, అరటిపండు తినమంటుంది, పది నిమిషాలకోసారి వేలు గుచ్చుతానంటుంది. చార్టు తీసేసి కొత్త చార్టు మొదలుపెట్టింది, ఈసారి గంటకో టాఫీ అట. నా కోపం తారస్థాయికి చేరింది. పొద్దుటిదాకా నా నోటికి తాళం వేశావు, ఇప్పుడు నా నోరు తెరిచి కుక్కుతానంటున్నావు, నన్ను అడిగావా అన్నాను. ఊపిరి తీసుకోకుండా పావుగంట తిట్టాను. కిక్కిరిసిన బస్సులో చివరి సీటు దాకా వినిపించే గొంతు నాది, పక్క గదులవాళ్ళకు కూడా వినిపించి ఉంటుంది.

అది ఏడుస్తూ, ఇది ఇంత ప్రమాదమని నాకు తెలియదమ్మా, ఎవరూ చెప్పలేదు కదా అంది. అక్కడికి వచ్చాక నేను తగ్గాను. నిజమే, నేను చెప్పలేదు. బస్సు దింపేస్తారని దాచిన సంగతంతా అప్పుడు చెప్పాను. ఎన్నిసార్లు అయిందమ్మా ఇలా అని అడిగింది. డ్యూటీలో లెక్క లేదు, ఇంట్లో మూడుసార్లు, మూడుసార్లూ మీ నాన్నే చక్కెర నీళ్ళు తాగించారు అన్నాను.

అది తలెత్తి వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"నాన్నా, నీకు తెలుసా? తెలిసి ఎందుకు చెప్పలేదు నాకు?"

ఆయన కిటికీ తెర సర్దారు.

"నువ్వు చదువుకున్నదానివి కదమ్మా. నాకన్నా నీకే బాగా తెలుసనుకున్నా" అన్నారు చివరికి.

దాని మొహం చూడలేకపోయాను. తను అంత గట్టిగా, అంత ఖచ్చితంగా మాట్లాడడం వల్లే తండ్రి నోరు మూతపడిందని దానికి అప్పుడే తెలిసింది. నేను మాత్రం ఆయన్ని అంత తేలిగ్గా వదల్లేదు. నేను వేయించుకున్న ఒట్టు సంగతి కూడా ఆయన ఎత్తలేదు, ఎత్తితే కాస్త వెనక్కి తగ్గేదాన్నేమో. లేచి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"ముప్ఫై మూడేళ్ళు కాపురం చేశారు నాతో. ఇవాళ ఆ లైనులో నాకు పెనిమిటిగా నిలబడింది ఆ చంటిపిల్ల తల్లి" అన్నాను.

రాత్రి భోజనానికి నలుగురం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. అమ్మాయి నా మీటరూ, టాఫీల కవరూ తెచ్చి, ముడి విప్పకుండానే నా పక్కన పెట్టింది. కంచం వచ్చాక సూది వేసుకున్నాను. ఎవరూ నా కంచం వైపు చూడలేదు.

మర్నాడు బస్సు ఒక కొండ కింద ఆగింది. పైన పాతకాలపు బురుజు ఒకటి ఉంది, అక్కణ్ణుంచి ఊరంతా కనిపిస్తుందట. మూడువందల పైచిలుకు మెట్లు. జెండా కాగితం పట్టుకుని ఎవరెవరు ఎక్కుతారు, ఎవరు బస్సులో కూర్చుంటారు అని వరుసగా రాసుకుంటూ వచ్చాడు. మా దగ్గరికి వచ్చి మా అమ్మాయిని అడిగాడు. అమ్మా నాన్నా ఇక్కడే ఉంటారు, అమ్మకి నిన్న బాగోలేదు అని అది చెప్పింది. జెండా రాసేసుకున్నాడు. నాలో మళ్ళీ సెగ రాజుకుంది. నిన్న అంత ఏడ్చి, ఇవాళ పొద్దునకే మళ్ళీ మొదటికి వచ్చింది.

నేను నోరు తెరవబోయాను. ఈలోపు నా పక్క సీట్లోంచి మా ఆయన లేచి నిలబడ్డారు. ఆయన అలా నలుగురి మధ్య లేచి నిలబడడం నేనెన్నడూ చూడలేదు.

"ఆమెని అడగలేదు మీరు" అన్నారు జెండాతో.

నాన్నా, నిన్న చూశావుగా అంది మా అమ్మాయి.

"చూశాను. చూసి ఊరుకున్నాను. అందుకే అంటున్నా. ఆమెని అడుగు."

బస్సులో అందరూ మా వైపు తిరిగారు. మా అమ్మాయి మొహం ఎర్రబడింది. కాసేపటికి నా వైపు తిరిగి, ఎక్కుతావా అమ్మా అని అడిగింది. నేను వెంటనే చెప్పలేదు. మీటరు తీసి వేలు గుచ్చుకుని చూశాను. నూట నలభై ఉంది. రెండు బిస్కట్లు తిని, నీళ్ళు తాగాను. జెండా కాగితం పట్టుకుని నిలబడే ఉన్నాడు, నిలబడనిచ్చాను. వస్తాను, రాసుకో అన్నాను.

నలభై మెట్లకోసారి ఆగుతూ ఎక్కాను. నేను ఆగినప్పుడల్లా మా ఆయనా ఆగారు. కూర్చోమని గానీ, చాల్లే అని గానీ అనలేదు. ఆయన మీద కోపం తగ్గలేదు. ఒక్క మాటకే తగ్గిపోయేదైతే అది కోపమే కాదు. కానీ ఆ మాట బస్సులో ఆయన నోటి నుంచి వచ్చిందని నాకు తెలుసు, అది ఆయనకు మూడువందల మెట్లకన్నా ఎక్కువని కూడా తెలుసు.

మా అమ్మాయి మా కన్నా ముందే పైకి చేరింది. నేను చివరి మెట్టు ఎక్కగానే ఎదురొచ్చి నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. తర్వాత మామూలు గొంతుతో, ఎలా ఉందమ్మా అని అడిగింది. ఇన్నేళ్ళూ ఎవరడిగినా నాకేం, బాగానే ఉన్నాను అనేదాన్ని. ఆ మాటే నోటిదాకా వచ్చింది.

"పిక్కలు తిమ్మిరెక్కుతున్నాయే. పడుతున్నట్టుంది" అన్నాను.

అది కంగారు పడలేదు, నా బ్యాగు మీద చెయ్యి వెయ్యలేదు, మంచిదేగా అని నవ్వలేదు. నా పక్కన గోడ మీద కూర్చుంది.

"అయితే ఇప్పుడేం చెయ్యాలో చెప్పమ్మా" అంది.

చెప్పాను.